3.8 నానోమీటర్ల పీక్ మీ శాంపిల్‌ది కాదు

అల్యూమినా ఉత్ప్రేరకం, కొబ్బరి చిప్పల నుంచి చేసిన యాక్టివేటెడ్ కార్బన్, బంకమట్టి, వరి ఊక బూడిద నుంచి తీసిన సిలికా. వీటికి ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. అయినా నైట్రోజన్ అధిశోషణంతో (వాయువు ఘనపదార్థం ఉపరితలానికి అంటుకోవడంతో) వీటి రంధ్రాలు కొలిచిన పేపర్లు నాలుగు తిరగేస్తే చాలు, 3.8 నానోమీటర్ల దగ్గర నిటారుగా లేచిన పీక్ ఏదో ఒక బొమ్మలో ఎదురవుతుంది. కింద ‘ఏకరూప మీసోరంధ్రాలు ఏర్పడినట్లు తేలింది’ అని ఒక ముక్క (మీసో అంటే 2 నుంచి 50 నానోమీటర్ల రంధ్రం). ముడిసరుకు మారింది, కాల్చిన ఉష్ణోగ్రత మారింది, కడిగిన ఆమ్లం మారింది, రంధ్రం మాత్రం అంతటా ఒకటే సైజు! ఇందులో మారనిది ఇంకొకటి ఉంది. అది 77 కెల్విన్ దగ్గరి నైట్రోజన్. ఆ పీక్ దాని తాలూకుదే.

ఈ మాట కొత్తదేమీ కాదు. రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సమాఖ్య ఐయుపాక్ 2015 నివేదిక స్పష్టంగానే చెప్పింది. అయినా ఆ పీక్ అచ్చవుతూనే ఉంది. యంత్రం ఎంత గ్యాస్ పట్టిందో కొలుస్తుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని రంధ్రాల పట్టికగా మార్చి చేతిలో పెడుతుంది, మధ్యలో ఏం జరిగిందో ఎవరూ అడగరు. మధ్యలో జరిగినవన్నీ ప్రావస్థ మార్పులే. వాయువు ఉపరితలం మీద పొరగా మారడం, పొర రంధ్రంలో ద్రవంగా కూడుకోవడం, ఆ ద్రవం మళ్లీ ఆవిరవడం. ఐసోథెర్మ్‌ను, అంటే ఒకే ఉష్ణోగ్రత దగ్గర పీడనం మారేకొద్దీ ఎంత గ్యాస్ పట్టిందో చూపే గీతను, ముందు ఆ మార్పుల రికార్డుగా చదవాలి, రంధ్రాల సైజు ఆ తర్వాత తీయాలి. ఈ వరస తిరగబడితే వచ్చే నంబర్లు ఎలా ఉంటాయో చూద్దాం.

చదునైన చోట ఏం జరుగుతుంది

కార్బన్ బ్లాక్‌ను 2,700 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి గ్రాఫైట్‌గా మార్చితే, లేదా గ్రాఫైట్‌ను పొరలు పొరలుగా ఉబ్బించి విడదీస్తే, అణువు లెక్కన నిజంగా చదునైన నేల దొరుకుతుంది. అలాంటి గ్రాఫైట్ మీద క్రిప్టాన్, జెనాన్, మీథేన్‌లతో ఫ్రాన్స్‌లోని నాన్సీలో తోమీ, దువాల్ 1969-70 ప్రాంతంలో చేసిన కొలతలు ఈ రంగానికి పునాది. వాళ్ల ఐసోథెర్మ్‌లు మెట్లుమెట్లుగా ఉంటాయి. పీడనం కొద్దిగా పెంచగానే ఒక పొర మొత్తం ఒకేసారి కూడుకుంటుంది, తర్వాత చాలాసేపు ఏమీ జరగదు, మళ్లీ రెండో పొర. ఐయుపాక్ వర్గీకరణలో ఇది ఆరో రకం.

ఆ మొదటి మెట్టును దగ్గరగా చూస్తే అందులో ఇంకో చిన్న మెట్టు దొరికింది. ఒక్క అణువు మందమే ఉన్న పొరలో కూడా వాయువు, ద్రవం, ఘనం అనే మూడు స్థితులు ఉన్నాయన్నమాట. జెనాన్‌కు ఈ ద్విమితీయ పొరలో త్రిక బిందువు (మూడు స్థితులూ కలిసి ఉండే చోటు) సుమారు 99 కెల్విన్, క్రిటికల్ ఉష్ణోగ్రత (వాయువు, ద్రవం తేడా చెరిగిపోయే చోటు) 117 కెల్విన్. మామూలు జెనాన్ క్రిటికల్ ఉష్ణోగ్రత 290 కెల్విన్‌కు ఇది 0.4 వంతు. పక్కన ఉండే అణువుల సంఖ్య తగ్గితే పట్టు తగ్గుతుంది కాబట్టి ఇది అర్థమయ్యే సంగతే.

ఇక్కడే బీఈటీ వైశాల్యానికి (పట్టిన గ్యాస్ నుంచి లెక్కగట్టే ఉపరితల వైశాల్యానికి) పనికొచ్చే విషయం ఒకటుంది. నైట్రోజన్ అణువు ఆక్రమించే స్థలం 0.162 చదరపు నానోమీటర్లు అని సాఫ్ట్‌వేర్‌లో ముందే రాసి ఉంటుంది. అది ద్రవ నైట్రోజన్ సాంద్రత నుంచి లెక్కగట్టిన అంకె. గ్రాఫైట్ మీద మాత్రం నైట్రోజన్ గ్రాఫైట్ షడ్భుజాలకు తాళం పడినట్టు కూర్చుంటుంది, ఒక్కో అణువుకు 0.157. తేడా మూడు శాతమే కాబట్టి పోనిద్దాం. హైడ్రాక్సిల్ గుంపులున్న సిలికా మీద నైట్రోజన్ తన క్వాడ్రుపోల్ వల్ల (అణువులో విద్యుదావేశం సమానంగా పరుచుకోకపోవడం వల్ల) నిలువుగా ఒరిగి కూర్చుంటుంది, అక్కడ తప్పు 20 శాతం దాకా పోవచ్చు. పట్టికల్లో ‘512.37 చ.మీ./గ్రా.’ అని రెండు దశాంశాలు కనిపించినప్పుడు ఈ 20 శాతం గుర్తొచ్చి నవ్వొస్తుంది.

గతుకుల నేల మీద మెట్లు ఎందుకు మాయమవుతాయి

సిలికా జెల్, అల్యూమినా, బొగ్గు, ఏది తీసుకున్నా ఈ మెట్లు కనపడవు. నున్నగా వంగిన గీత వస్తుంది. కారణం ఒక చిన్న లెక్కలో ఉంది. 77 కెల్విన్ దగ్గర ఆర్‌టీ (వాయు స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధం) విలువ 0.64 కిలోజౌల్/మోల్. ఉపరితలంలో రెండు చోట్ల అధిశోషణ శక్తి ఒక్క కిలోజౌల్ తేడాతో ఉందనుకోండి. ఒకే మెట్టు ఆ రెండు చోట్లా రావాల్సిన పీడనాల నిష్పత్తి ఘాతీయంగా పెరిగి 4.7 రెట్లవుతుంది. సాధారణ ఆక్సైడ్ ఉపరితలంలో మూలలు, చీలికలు, హైడ్రాక్సిల్ గుంపులు, లోహ అయాన్లు కలిపి ఈ తేడా ఒకటి కాదు, అనేక కిలోజౌళ్లు ఉంటుంది. గతుకుల రోడ్డు మీద వాన పడితే ముందు లోతైన గుంతలు నిండుతాయి, తర్వాత లోతులేనివి, రోడ్డంతా ఒకేసారి తడవదు. ఒక్కో మచ్చకు ఒక్కో మెట్టు, అన్నీ కలిసి ఒక వాలు.

మచ్చలు పెద్దవిగా ఉంటే, అంటే ఒక్కోటి వందల అణువులు పట్టేంత ఉంటే, ప్రతి మచ్చ లోపల ప్రావస్థ మార్పు ఇంకా పదునుగానే ఉంటుంది, కూడికలో మాత్రమే నలుగుతుంది. మచ్చలు అణువు సైజులో చెల్లాచెదురుగా ఉంటే కథ వేరు. ఇమ్రీ, మా 1975లో చూపించిన వాదన ప్రకారం, ద్విమితీయ వ్యవస్థలో ఇలాంటి యాదృచ్ఛిక గతుకులు ఎంత చిన్నవైనా వాయువు-ద్రవం లాంటి హఠాత్ మార్పు నిలబడదు. అప్పుడు మెట్టు నలిగిందని కాదు, మెట్టే లేదని అర్థం. గీత చూసి ఈ రెండు పరిస్థితులనూ విడదీయడం కష్టం. ఒకే ఐసోథెర్మ్ నుంచి ‘శక్తి పంపిణీ’ గీసి చూపించే పేపర్లంటే నాకు నమ్మకం తక్కువ కావడానికి కారణం ఇదే. ఏ నమూనా ముందే ఊహించుకున్నారో ఆ పంపిణీయే బయటికొస్తుంది.

బీఈటీ సమీకరణం (బ్రునావర్, ఎమెట్, టెల్లర్, 1938) ఉపరితలం అంతా ఒకేలా ఉంటుందనీ, పక్కపక్కన కూర్చున్న అణువులు ఒకదాన్నొకటి పట్టించుకోవనీ అనుకుంటుంది. నిజంగా ఒకేలా ఉండే గ్రాఫైట్ మీద అది సరిగా కుదరదు, మెట్లను అది గీయలేదు. గతుకుల సిలికా మీద చక్కగా కుదురుతుంది. ఉపరితలం ఒకేలా లేకపోవడం గీతను ఒక వైపు లాగుతుంది, అణువుల మధ్య ఆకర్షణ రెండో వైపు లాగుతుంది, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి సరళరేఖ బాగా వచ్చిందని సంబరపడటం కంటే ఏ పరిధిలో గీశామన్నది చూడటం ముఖ్యం. సాపేక్ష పీడనం (గ్యాస్ పీడనాన్ని, అది బయట మామూలుగా ద్రవంగా మారే సంతృప్త పీడనంతో భాగించినది) 0.05 నుంచి 0.30 అనే అలవాటు పరిధి సూక్ష్మరంధ్రాలున్న కార్బన్‌కు, జియోలైట్‌కు (సన్నని రంధ్రాల స్ఫటికానికి) పనికిరాదు. అక్కడ రూకెరోల్ చెప్పిన పద్ధతి పాటించాలి. పట్టిన గ్యాస్‌ను (1 − సాపేక్ష పీడనం)తో గుణించి గీయాలి, ఆ విలువ పెరుగుతున్నంత వరకే పరిధిగా తీసుకోవాలి. బీఈటీ సమీకరణంలోని సీ స్థిరాంకం రుణాత్మకంగా వచ్చిందంటే ఆ పరిధి తప్పు, చర్చ లేదు.

గతుకులను ఫ్రాక్టల్ డైమెన్షన్‌గా చెప్పే ఫ్యాషన్ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఎఫ్‌హెచ్‌హెచ్ (ఫ్రెంకెల్, హాల్సీ, హిల్) గ్రాఫు వాలు −0.33 వచ్చిందనుకుందాం. గోడ ఆకర్షణే పొరను నిలబెడుతోందని అనుకుంటే డైమెన్షన్ 2, అంటే అద్దంలాంటి నేల. తలతన్యత నిలబెడుతోందని అనుకుంటే 2.67, అంటే బాగా ముడతల నేల. ఒకే వాలు, ఒకే శాంపిల్. ఏ సూత్రం వాడారో చెప్పకుండా అంకె మాత్రమే ఇస్తే అది దేనికీ కొరగాదు.

రంధ్రంలో కూడుకోవడం: కెల్విన్ లెక్క

రెండు నానోమీటర్ల లోపు సూక్ష్మరంధ్రం, 2 నుంచి 50 దాకా మీసో, ఆపైన మాక్రో. మీసోరంధ్రంలో గోడల మీద పొర మందమై, ఒక స్థాయిలో మిగిలిన ఖాళీ అంతా ద్రవంతో నిండుతుంది. ఇది సంతృప్త పీడనానికి చాలా ముందే జరుగుతుంది, ఎందుకంటే లోపలికి వంగిన మెనిస్కస్ (ద్రవపు పై తలం) పైన బాష్పపీడనం తక్కువ. 1871లో కెల్విన్ ఇచ్చిన సూత్రంలో నైట్రోజన్ విలువలు పెట్టి చూడండి. తలతన్యత మీటరుకు 8.85 మిల్లీన్యూటన్లు, మోలార్ ఘనపరిమాణం 34.7 ఘన సెం.మీ., ఉష్ణోగ్రత 77.35 కెల్విన్. మెనిస్కస్ వ్యాసార్థం నానోమీటర్లలో 0.955ను, సాపేక్ష పీడనం విలోమపు సహజ లాగరిథమ్‌తో భాగిస్తే వస్తుంది. దానికి గోడ మీది పొర మందం కలపాలి. హాల్సీ సూత్రం ప్రకారం అది, 5ను అదే లాగరిథమ్‌తో భాగించి, ఘనమూలం తీసి, 0.354తో గుణించగా వచ్చేది. బీజేహెచ్ (బారెట్, జాయ్‌నర్, హాలెండా, 1951) చేసేది సారాంశంలో ఇంతే, పీడనం దించుకుంటూ ఒక్కో మెట్టు దగ్గర దీన్ని మళ్లీ మళ్లీ వేస్తుంది.

సాపేక్ష పీడనం 0.48 పెడితే వ్యాసం 3.9 నానోమీటర్లు వస్తుంది. 0.45 పెడితే 3.7. 0.42 పెడితే 3.5. ఈ మూడు అంకెలూ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

ఈ లెక్క చిన్న రంధ్రాల్లో తక్కువ చూపిస్తుందన్నది కూడా తేలిన విషయమే. మోబిల్ సంస్థ 1992లో ప్రకటించిన ఎంసీఎం-41 అనే సిలికాలో రంధ్రాలు తేనెపట్టులా సమానంగా ఉంటాయి కాబట్టి, ఎక్స్-రే నుంచీ రంధ్ర ఘనపరిమాణం నుంచీ వ్యాసాన్ని విడిగా లెక్కగట్టొచ్చు. నాలుగు నానోమీటర్ల రంధ్రం 0.40 దగ్గర నిండుతుంది. పై సూత్రంలో 0.40 పెడితే వచ్చేది 3.3. పది నానోమీటర్ల లోపు రంధ్రాలకు బీజేహెచ్ 20 నుంచి 30 శాతం తక్కువ చెబుతుందనడానికి ఇలాంటి కొలతలే రుజువు. గోడ ఆకర్షణ ద్రవం మీద కూడా పనిచేస్తుంది, అంత వంగిన తలానికి మామూలు తలతన్యత వర్తించదు, కెల్విన్ సూత్రం ఈ రెంటినీ లెక్కలోకి తీసుకోదు.

అదే ఎంసీఎం-41లో ఇంకో వింత. నిండే గీత, ఖాళీ అయ్యే గీత ఒకదాని మీద ఒకటి పడతాయి, హిస్టెరిసిస్ (రెండు గీతలూ విడిపోయి లూప్‌గా ఏర్పడటం) ఉండదు. రంధ్రం సన్నబడేకొద్దీ లోపలి ద్రవానికి క్రిటికల్ ఉష్ణోగ్రత పడిపోతుంది, ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి దాటడానికి ఉండే అడ్డంకి కరిగిపోతుంది. అందుకే ‘లూప్ లేదు కాబట్టి మీసోరంధ్రాలు లేవు’ అనే వాక్యం తప్పు. నాలుగో రకం బి అని ఐయుపాక్ దీనికి విడిగా పేరే పెట్టింది.

లూప్‌లో ఏ వైపు నమ్మాలి

రంధ్రం పెద్దదై ఏడెనిమిది నానోమీటర్లు ఉంటే, ఉదాహరణకు ఎస్‌బీఏ-15 అనే సిలికాలో, రెండు గీతలు విడిపోతాయి. రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టంలో నిండేటప్పుడు మెనిస్కస్ ఉండదు, గోడ చుట్టూ పొర మాత్రమే ఉంటుంది. అది అస్థిరమయ్యేదాకా సాగుతుంది కాబట్టి నిండటం ఆలస్యం. ఖాళీ అయ్యేటప్పుడు రెండు చివర్లా అర్ధగోళాకార మెనిస్కస్ సిద్ధంగా ఉంటుంది, అది సమతాస్థితికి దగ్గర. కోహన్ 1938లో చెప్పినట్టు, పొర మందం పక్కన పెడితే, నిండే సాపేక్ష పీడనం వర్గమే ఖాళీ అయ్యే సాపేక్ష పీడనం. 0.77 దగ్గర నిండితే 0.59 దగ్గర ఖాళీ కావాలి. ఇలాంటి పదార్థానికి విశోషణ శాఖ (ఖాళీ అయ్యేటప్పటి గీత) వాడటం సబబే. పాత పుస్తకాల్లో ‘విశోషణ శాఖే వాడండి’ అన్న సలహా ఇలాంటి గొట్టాలకు సరిపోయేదే.

మనం ప్రయోగశాలలో చేసే బొగ్గులు, జెల్‌లు, బూడిదలు అలాంటి గొట్టాలు కావు. లోపల గది, బయటికి ఇరుకు గొంతు. సిరాబుడ్డి ఆకారం. గదిలోని ద్రవం బయటి ఆవిరితో సంబంధం పెట్టుకోవాలంటే ముందు గొంతు ఖాళీ కావాలి. గది 15 నానోమీటర్లున్నా, గొంతు 7 అయితే, ఖాళీ అయ్యేది గొంతు లెక్కనే. అప్పుడు విశోషణ శాఖ గొంతు సైజు చెబుతుంది. అదీ ఒక సమాచారమే.

గొంతు 5 నానోమీటర్ల కంటే ఇరుకైతే ఆ సమాచారం కూడా దొరకదు. గొంతు ఇంకా మూసే ఉంటుంది, పీడనం దిగుతూనే ఉంటుంది, గదిలోని ద్రవం సాగదీయబడుతుంది. 0.42 దగ్గర ఆ సాగుదల ఎంతో లెక్కగట్టొచ్చు. ఆర్‌టీని 0.87తో (0.42 విలోమపు సహజ లాగరిథమ్‌తో) గుణించి మోలార్ ఘనపరిమాణంతో భాగిస్తే 16 మెగాపాస్కల్, అంటే దాదాపు 160 వాతావరణాల లాగుడు. ద్రవ నైట్రోజన్ అంతకు మించి తట్టుకోదు. లోపలే బుడగ పుట్టి గది మొత్తం ఒక్క దెబ్బన ఖాళీ అవుతుంది. దీన్నే కేవిటేషన్ అంటారు. గొంతు 4 అయినా 3 అయినా 1 అయినా, గది 8 అయినా 20 అయినా, ఇది జరిగేది 0.42 నుంచి 0.50 మధ్యనే. ఆ పీడనాన్ని నిర్ణయించేది ద్రవ నైట్రోజన్ తన్యత బలం, అంతే.

ఇప్పుడు ఆ మూడు అంకెలు. 0.48 నుంచి 0.42 మధ్య బయటపడ్డ గ్యాస్ మొత్తాన్నీ బీజేహెచ్ 3.9 నుంచి 3.5 నానోమీటర్ల రంధ్రాల ఖాతాలో వేస్తుంది. గ్రాఫ్ మీద సూది పీక్ లేస్తుంది. అల్యూమినాకూ అదే, బొగ్గుకూ అదే.

ఈ దొంగలెక్క ఇంకో చోట కూడా బయటపడుతుంది. గ్రాముకు 0.3 ఘన సెం.మీ. ఘనపరిమాణం 12 నానోమీటర్ల రంధ్రాల్లో ఉంటే, గొట్టం అనుకుని నాలుగింతల ఘనపరిమాణాన్ని వ్యాసంతో భాగిస్తే వైశాల్యం 100 చదరపు మీటర్లు. అదే ఘనపరిమాణాన్ని 3.8 ఖాతాలో వేస్తే 316. అందుకే రిపోర్టులో బీజేహెచ్ విశోషణ వైశాల్యం బీఈటీ వైశాల్యం కంటే ఎక్కువ కనిపిస్తే అక్కడే ఆగాలి. లోపలి రంధ్రాల గోడ ఒక్కటే మొత్తం కంటే పెద్దదెలా అవుతుంది? రిపోర్టు మొదటి పేజీలోనే ఈ రెండు అంకెలూ పక్కపక్కన ఉంటాయి, చూసేవాళ్లు అరుదు.

నిర్ధారణ ఎలా అంటే, ముందు రెండు శాఖల నుంచీ పంపిణీ తీసి ఒకే గ్రాఫ్‌లో వేయండి. అధిశోషణ శాఖలో (నిండేటప్పటి గీతలో) ఆ పీక్ లేకపోతే అది కేవిటేషన్. ఇంకా గట్టిగా కావాలంటే 87 కెల్విన్ దగ్గర ఆర్గాన్‌తో మళ్లీ కొలవాలి. ఆర్గాన్ కేవిటేషన్ 0.38 నుంచి 0.42 మధ్య వస్తుంది, దాని తలతన్యత, మోలార్ ఘనపరిమాణం వేరు. రెండు గ్యాస్‌ల విశోషణ శాఖలూ ఒకే సైజు చెబితే అది నిజంగా గొంతు సైజు. వేర్వేరుగా చెబితే రెండూ ద్రవాల లక్షణాలే. ద్రవ ఆర్గాన్ దొరకని చోట క్రయోకూలర్ పెట్టి ఆ ఉష్ణోగ్రత తెప్పించుకుంటారు. ద్రవ నైట్రోజన్ బాత్‌లోనే, 77 కెల్విన్ దగ్గర, ఆర్గాన్ వాడి సరిపెట్టుకోవడం మాత్రం వద్దు. ఆర్గాన్ త్రిక బిందువు 83.8 కెల్విన్. 77 దగ్గర బయటి ఆర్గాన్ ఘనం, రంధ్రంలోది అతిశీతల ద్రవం, సంతృప్త పీడనం దేనిది తీసుకోవాలో తేలదు.

ఎన్ఎల్‌డీఎఫ్‌టీ (రంధ్రంలో ద్రవ సాంద్రతను అణువుల స్థాయిలో లెక్కగట్టే పద్ధతి) వాడితే సమస్య తీరిపోతుందనే నమ్మకం కూడా చూస్తుంటాను. కెల్విన్ చేసే 20-30 శాతం తప్పు పోతుంది, అది నిజం. కానీ విశోషణ శాఖకు ‘ఈక్విలిబ్రియం’ కెర్నల్ (ఒక్కో రంధ్రం సైజుకు ముందే లెక్కగట్టిన ఐసోథెర్మ్‌ల సమితి) వేస్తే కేవిటేషన్ పీక్ చెక్కుచెదరకుండా అలాగే వస్తుంది, కాస్త పక్కకు జరిగి, ఇంకాస్త గొప్ప పేరుతో. సిరాబుడ్డి రంధ్రాలకు అధిశోషణ శాఖ మీద, పొర ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకునే మెటాస్టేబుల్ కెర్నల్ ఎంచుకోవాలి. సిలికాకు కార్బన్ కెర్నల్ వేయకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా, కానీ జరుగుతోంది.

రంధ్రాలన్నీ ఒకదానితో ఒకటి కలిసిన గజిబిజి పదార్థంలో, అంటే వైకార్ గాజులో, ఏరోజెల్‌లో, ఒక్కో రంధ్రానికి ఒక్కో సైజు అనే ఆలోచనే కుంటుపడుతుంది. డి జెన్ 1980లలో ఇలాంటి పదార్థంలోని ద్రవాన్ని యాదృచ్ఛిక క్షేత్రంలోని ఐజింగ్ అయస్కాంతంతో (భౌతిక శాస్త్రంలోని ఒక సరళ నమూనాతో) పోల్చారు. కీర్లిక్, రోజిన్‌బర్గ్, తార్జుస్ 2001లో ఆ దారిలోనే వెళ్లి, లూప్ ఉన్నంత మాత్రాన అసలు ప్రావస్థ మార్పు ఉన్నట్టు కాదని చూపించారు. వ్యవస్థ లెక్కలేనన్ని మధ్యస్థ స్థితుల్లో చిక్కుకుంటూ పోవడమే లూప్‌కు సరిపోతుంది. దారి మధ్యలో పీడనం వెనక్కి తిప్పితే లూప్ లోపల చిన్న లూప్‌లు రావడం దీని ఆనవాలు. ఇలాంటి స్కానింగ్ గీతలు తీయడానికి ఒక రాత్రి అదనంగా పడుతుంది. నాకడిగితే, ఒక కొత్త పదార్థం మీద ఆ ఒక్క రాత్రి ఖర్చు పెట్టడం పది బీజేహెచ్ పట్టికల కంటే మేలు.

నీరు గడ్డకట్టించినా అదే గొడవ

నైట్రోజన్ వద్దనుకుని థర్మోపోరోమెట్రీకి వెళ్లేవాళ్లు ఈ చిక్కు తప్పించుకున్నామనుకుంటారు. రంధ్రంలోని మంచు కరిగే ఉష్ణోగ్రత ఎంత తగ్గిందో చూసి, 52ను ఆ తగ్గుదలతో భాగించి 0.4 కలిపితే నానోమీటర్లలో వ్యాసార్థం. మూడు నానోమీటర్ల వ్యాసార్థానికి కరిగేది మైనస్ 20 డిగ్రీల దగ్గర. కరిగే గీత వాడినంతకాలం పర్వాలేదు. గడ్డకట్టే గీత వాడితే, ఇరుకు గొంతు వెనక ఉన్న గదుల్లోకి బయటి మంచు చొరబడలేదు, నీరు అతిశీతలమవుతూ పోయి, మైనస్ 40 దరిదాపుల్లో తనంతట తానే గడ్డకడుతుంది. 52ను 40తో భాగించి 0.4 కలపండి: 1.7, వ్యాసం 3.4 నానోమీటర్లు. మళ్లీ ఒక దొంగ పీక్, ఈసారి నీటిది. బయటి నీరు కూడా అతిశీతలం కాకుండా చూడాలంటే, ముందు మొత్తం గడ్డకట్టించి, సున్నాకు కొంచెం కింద దాకా వేడిచేసి, బయట కాస్త మంచు మిగిలి ఉండగానే మళ్లీ చల్లబరచడం మొదలుపెట్టాలి. ఇది చేయకపోతే గడ్డకట్టే గీతకు అర్థమే ఉండదు.

హైదరాబాద్‌లో 760 అని కొట్టకండి

సాపేక్ష పీడనం మీద ఇంత ఆధారపడ్డాక దాని హారాన్ని, అంటే సంతృప్త పీడనాన్ని, సరిగా కొలవాలి కదా. సముద్రమట్టం దగ్గర ద్రవ నైట్రోజన్ 77.35 కెల్విన్ దగ్గర మరుగుతుంది, సంతృప్త పీడనం 760 మి.మీ. హైదరాబాద్ 500 మీటర్ల పైనే ఉంది, అక్కడి వాతావరణ పీడనం 713 అటూఇటూ. తెరిచి ఉన్న డ్యూవర్‌లో (ద్రవ నైట్రోజన్ పోసే ఫ్లాస్కులో) నైట్రోజన్ 76.8 దగ్గరే మరుగుతుంది. విశాఖలో 760 అని చేత్తో కొట్టినా పెద్దగా తేడా రాదు. హైదరాబాద్‌లో కొడితే అసలు 0.45 ఉన్నది 0.42గా నమోదవుతుంది. పై చివర ఇంకా ఘోరం. సాఫ్ట్‌వేర్ 0.99 చేరాలని 752 మి.మీ. దాకా గ్యాస్ తోస్తుంది, 713 దాటగానే శాంపిల్ ట్యూబ్‌లోనే నైట్రోజన్ ద్రవంగా కూడుకుంటుంది. మొత్తం రంధ్ర ఘనపరిమాణం ఆకాశానికి వెళ్తుంది. సమయం కలిసొస్తుందని సంతృప్త పీడనపు ట్యూబ్ వాడకుండా అంకె కొట్టే ఆప్షన్ ఎంచుకునేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి. రాత్రంతా మూత లేకుండా ఉంచిన డ్యూవర్‌లో గాలి ఆక్సిజన్ కరిగి బాత్ వేడెక్కుతుంది, అది రెండో వైపు తప్పు. కొలత మధ్యలో రెండు మూడు సార్లైనా సంతృప్త పీడనం మళ్లీ కొలిచేలా పెట్టుకుంటే రెండూ పోతాయి.

మిగిలినవి క్లుప్తంగా. ట్యూబ్‌లో మొత్తం వైశాల్యం కనీసం 20 చదరపు మీటర్లు ఉండేలా శాంపిల్ తీసుకోండి, గ్రాముకు 200 ఉంటే 100 మిల్లీగ్రాములు. బరువు డీగ్యాస్ (ముందే అంటుకున్న నీరు, వాయువులు వేడితో తీసేయడం) తర్వాత తూచిందే లెక్క, ఊక బొగ్గు ముందు బరువులో నీరు చాలా ఉంటుంది. జియోలైట్‌కు 300-350 డిగ్రీలు కావాలి, కానీ తడి ఉండగానే అక్కడికి ఎక్కిస్తే ఆవిరి నిర్మాణాన్ని దెబ్బతీస్తుంది. ముందు 100 దాటకుండా ఒక గంట ఉంచి, తర్వాత మెల్లగా ఎక్కించాలి. వైశాల్యం గ్రాముకు ఒక చదరపు మీటరు లోపుంటే క్రిప్టాన్ వాడాలి. 77 దగ్గర దాని సంతృప్త పీడనం 2.5 టార్ (మి.మీ.) మాత్రమే కాబట్టి ఖాళీ స్థలంలో మిగిలే అణువులు 300 రెట్లు తగ్గుతాయి. ఆ 2.5 కూడా అతిశీతల ద్రవానిది. ఘన క్రిప్టాన్‌ది తీసుకుంటే వైశాల్యం మారుతుంది, ఏది తీసుకున్నారో రాయాలి.

సమతాస్థితికి ఇచ్చే సమయం గురించి మాత్రం కాస్త పట్టుబడతాను. కూడుకునే చోట ఒక్కో పాయింటుకు గ్యాస్ చాలా మింగుతుంది, పీడనం నెమ్మదిగా దిగుతుంది. వరసగా రెండు రీడింగ్‌లు ఒకేలా కనిపించగానే యంత్రం ‘అయిపోయింది’ అని ముందుకు పోతుంది. విరామాన్ని రెండింతలు చేసి మళ్లీ కొలవండి. లూప్ సన్నబడితే మొదటి లూప్‌లో కొంత భాగం మీ తొందర వల్ల వచ్చింది. 0.42 కింద కూడా లూప్ మూసుకోకపోతే అది కూడుకోవడానికి సంబంధించినది కాదు. లీక్ చూడండి, డీగ్యాస్ చూడండి. రెండూ బాగుంటే, 77 కెల్విన్ దగ్గర నైట్రోజన్ చొరబడలేనంత ఇరుకు సూక్ష్మరంధ్రాలున్నట్టు, లేదా పదార్థం ఉబ్బుతున్నట్టు. కార్బన్ అయితే 273 కెల్విన్ దగ్గర కార్బన్ డయాక్సైడ్‌తో కొలిస్తే సంగతి తెలుస్తుంది.

‘పోల్చడానికే కదా’ అన్న వాదన

అంకె తప్పైనా ఒకే వరసలోని శాంపిళ్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది కదా అంటారు. కేవిటేషన్ పీక్‌కు ఆ యోగ్యత కూడా లేదు. ఉత్ప్రేరకాన్ని ఆవిరిలో పెట్టి గదులను 8 నుంచి 15 నానోమీటర్లకు పెంచినా పీక్ 3.8 దగ్గరే కూర్చుంటుంది. ‘చికిత్స వల్ల రంధ్ర పరిమాణం మారలేదు’ అనే ముగింపు అలా వస్తుంది. మారింది, కొలత దాన్ని చూడలేకపోయింది.

అయితే విశోషణ గీత అక్కడ ఒక్కసారిగా పడిపోయే ఆ పతనం ఎత్తు మాత్రం నిజమైన సమాచారం. 0.5 నుంచి 0.42 మధ్య ఎంత ఘనపరిమాణం బయటపడిందో, స్థూలంగా అంత ఘనపరిమాణం 5 నానోమీటర్ల కంటే ఇరుకు గొంతుల వెనక దాగి ఉంది. ఆవిరి చికిత్స చేసిన వై జియోలైట్ దీనికి మంచి ఉదాహరణ. అందులో ఏర్పడ్డ మీసోరంధ్రాల్లో చాలావరకు స్ఫటికం లోపలి గదులేనని, బయటికి తెరుచుకున్న గొట్టాలు కొన్నేనని ఎలక్ట్రాన్ టోమోగ్రఫీ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో తీసే త్రీడీ చిత్రం) కళ్లకు కట్టింది. ఐసోథెర్మ్‌లోనూ అదే కథ ఉంటుంది, నిండేటప్పుడు విశాలమైన పంపిణీ, ఖాళీ అయ్యేటప్పుడు ఒకే ఒక్క పతనం. రెండు శాఖల మధ్య ఆ తేడాను ఘన సెంటీమీటర్లలో పట్టికకు ఎక్కిస్తే, రిఫైనరీ వాళ్లకు 3.8 అనే అంకె కంటే వంద రెట్లు పనికొస్తుంది. ఎందుకంటే ఆ గదుల్లోకి నైట్రోజన్ జియోలైట్ సూక్ష్మరంధ్రాల గుండా దూరిపోగలదు, బరువైన నూనె అణువులకు ఆ దారి లేదు.